బ్యారన్‌లో పైవరుస

మా బ్యారన్‌లో ప్రతిధ్వని ముందు వస్తుంది. తీగ తర్వాత మీటుతాను.

పొద్దున్నుంచీ ఇలాగే ఉంది. గిటారు ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంటాను. వేలు ఇంకా తీగకు తగలదు. పైన వాసాల దగ్గర సన్నగా ఒక మోత పుడుతుంది. అది కాస్త కిందికి దిగి కొంచెం గట్టిపడుతుంది. ఇంకాస్త దిగి ఇంకా గట్టిపడుతుంది. నా చెవి పక్కకు వచ్చేసరికి చెయ్యి దానంతటది కదిలి తీగను మీటుతుంది. ఒకసారి మీటకుండా ఆపి చూస్తాను. ఎత్తుకోమని చేతులు చాపిన చంటిపిల్లలా మోత అక్కడే నిలబడిపోతుంది. పాపం అనిపించి మీటేస్తాను.

నా బావమరిది ఓబేదు నేల మీద గోనెపట్టా పరిచి గిటారు మోతను మార్చే ఎఫెక్ట్ డబ్బాలు పేరుస్తున్నాడు. వాడు ఒంగోలులో పెళ్లిళ్ల బ్యాండులో గిటారు వాయిస్తాడు. డబ్బాలు సబ్బుపెట్టెలంత ఉంటాయి. కాలితో నొక్కాలి. గిటారు వైరు మొదటి డబ్బాలోకి, దాన్నుంచి పక్కదాన్లోకి, అలా చివరికి ఆంప్లిఫయర్‌లోకి పోతుంది. దాని ముందు మైకు. మైకు వైరు తలుపు సందులోంచి బయట తాటాకు పందిట్లో ఉన్న లాప్‌టాప్ దాకా పోతుంది.

"ప్రతిధ్వనిచ్చే డిలే డబ్బా తిరగబడింది బావా," అంటాడు ఓబేదు. "టైము మైనస్‌లోకి పోయింది."

"బాగుచెయ్యొచ్చా?"

"ఇప్పుడు ఏం చెడిందని? ప్రతిధ్వని వస్తానే ఉంది గదా. ముందొచ్చిందా వెనకొచ్చిందా అనేది నువ్వూ అదీ తేల్చుకోవాల."

నాకది సబబుగానే తోస్తుంది.

ట్యూనర్ డబ్బా మాత్రం నికరంగా పనిచేస్తోంది. పచ్చలైటు వెలిగేదాకా బిరడా తిప్పుతాను. వెలిగిన క్షణాన తలుపు కిర్రు, బయట కట్టేసిన గేదె అరుపు కూడా శ్రుతిలోకి వచ్చి నిలబడతాయి. గేదె సిగ్గుపడినట్టు తల పక్కకు తిప్పుకుంటుంది.

బ్యారన్ అంటే కోసిన పొగాకు ఆకును వేడితో ఆరబెట్టి పండించే గది. మనిషికి నాలుగైదింతల ఎత్తు, మట్టిగోడలు, కిటికీ లేదు. బయట నిలబడి లోపలి ఆకు రంగు చూసుకోవడానికి తలుపు పక్కన చిన్న అద్దం బిగించి ఉంటుంది. పైకప్పు దాకా అడ్డంగా వాసాల వరుసలు. పచ్చి ఆకును కర్రలకు కట్టి ఆ వాసాల మీద వేలాడదీస్తాం. బయటి పొయ్యి నుంచి కింద ఇనప గొట్టాల్లోకి వేడి పెడతాం. ఈ ఏటి ఆకు ఇంకా కోతకు రాలేదు. గది ఖాళీగా ఉంది. దీన్ని స్టూడియో చెయ్యాలనే ఆలోచన ఓబేదుది. అవసరం నా భార్య కెజియాది.

కెజియా పందిట్లో నిలబడి పాడుతోంది. కుడిచెయ్యి తల మీదికి ఎత్తి ఉంది.

వాళ్లమ్మ దీనమ్మను మట్టి చేసిన రోజున ఆ పాట ఆమె నోటికి వచ్చింది. వచ్చింది మళ్లీ పోలేదు. చెయ్యి కూడా ఆ రోజు లేచిందే. ఎడమ చేత్తోనే వండుతుంది, ఎడమ చేత్తోనే తల దువ్వుకుంటుంది. పడుకున్నప్పుడు ఆ చెయ్యి మంచం మీద గుంజలాగా నిలబడి ఉంటే దానికే దోమతెర కడతాను. మందిరంలో అందరూ ఆమె ఎడతెగకుండా స్తోత్రం చేస్తోందనుకుంటారు. పోయిన ఆదివారం పాస్టరు గారు మిగతా ఆడవాళ్లకు ఆమెను చూపించి బుద్ధి చెప్పారు. కెజియాకు ఏడుపొచ్చింది. ఏడుపు కూడా పాట వరుసలోనే వచ్చింది.

అది బ్యారన్ నింపేటప్పుడు పాడే పాట. ఆకు కట్టిన కర్ర చేతులు మారుతూ పైకి పోతుంది. నేల మీద ఒకరు, నడిమి వాసాల మీద అటో కాలు ఇటో కాలు వేసి ఒకరు, పైవరుసలో ఒకరు. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లు తమ పాదం పాడతారు.

నేల మీది మనిషి,

"నేల ఇడిచీ వచ్చె నిలువెత్తు కర్ర" అంటుంది.

నడుమ మనిషి,

"నడుమ నాకందింది, నా పైన ఎవరో" అంటుంది.

పైనున్న మనిషి కర్ర అందుకుని చివరి పాదం పాడుతుంది. దాంతో పాట మూసుకుంటుంది. ఆ పాదం పైకెక్కినవాళ్లు ఎవరికి వాళ్లే కట్టుకుంటారు.

పైవరుసకు మామూలుగా మగవాళ్లే ఎక్కుతారు. ఈ బ్యారన్‌లో మాత్రం దీనమ్మ ఎక్కేది. చీర గోచీ బిగించి, ఎవరేమన్నా తిరిగి రెండంటూ ఎక్కేది. కెజియా ఎప్పుడూ నేల మీదే ఉండేది. మధ్యలో వేలాడే పచ్చి ఆకు మాటను తాగేస్తుంది కాబట్టి పైన వాళ్లమ్మ పాడే పాదం ఆమె చెవిన ఏనాడూ పడలేదు. నడుమ నిలబడ్డ పెద్దమనిషికి చెవుడు. చివరి పాదం తెలిసిన మనిషి ఇప్పుడు భూమి మీద లేదు. చివర లేని పాట ఆగదు. పాట ఆగకపోతే చెయ్యి దిగదు.

కెజియాకు కావలసింది ఆ ఒక్క పాదం.

పాట ఊపిరి పీల్చుకునే సందుల్లో ఆమె మాట్లాడుతుంది. అందుకే పొట్టి మాటలు.

"అయిందా?" అంటుంది లోపలికి వస్తూ.

"డిలే ముందుకు పోతంది అక్కా. ఎంత తిప్పితే అంత ముందర జరగబోయేది వినబడిద్ది," అంటాడు ఓబేదు. "చివరి పాదం నువ్వు ఎప్పుడో ఒకనాడు పాడతావు గదా. దాని ప్రతిధ్వని ఇప్పుడే వచ్చిద్ది. విని నేర్చుకో."

"తిప్పు."

ఓబేదు మైకు వైరును డిలే డబ్బాకు తగిలించి, బుడిపెను చివరంటా తిప్పుతాడు. కెజియా మైకు ముందు నిలబడి పాడుతుంది. మేం పైకి చూస్తూ ఉంటాం. చాలాసేపటికి వాసాల మీంచి ఒక గొంతు దిగి వస్తుంది. ముసలి గొంతు. పళ్లు లేవు. మధ్యలో దగ్గు వచ్చి ఆగి, మళ్లీ మొదలవుతుంది. నేల ఇడిచీ వచ్చె నిలువెత్తు కర్ర. నడుమ నాకందింది, నా పైన ఎవరో. మళ్లీ నేల ఇడిచీ వచ్చె.

అది కెజియా గొంతే. ముగ్గురమూ పోల్చుకుంటాం.

"అంతదాకా పాడతానే ఉంటానా నేను?" అంటుంది.

ఓబేదు బుడిపె వెనక్కి తిప్పేస్తాడు. ముసలి గొంతు దగ్గుకుంటూ పైకి వెళ్లిపోతుంది. పాడబోయేది మాత్రమే ముందు వినబడుతుందని, తెలియని పాదాన్ని ఆమె ఏనాటికీ పాడబోదని, నాకు అప్పుడు అర్థమవుతుంది. డబ్బా తప్పేం లేదు.

తర్వాత నాయిస్ గేట్ అనే డబ్బా కలుపుతాడు. ఫ్యాను మోత, వైర్ల గుయ్యి లాంటి చిన్న చప్పుళ్లు రికార్డింగులోకి రాకుండా మూసేసేది అది. బుడిపె కొంచెం తిప్పగానే బయట కోడి అడుగుల చప్పుడు పోతుంది. ఇంకొంచెం తిప్పితే గేదె నెమరు చప్పుడు పోతుంది. గాలికి పందిరి ఆకులు ఊగుతాయి, గలగల ఉండదు. దూరాన రోడ్డు మీద ట్రాక్టరు బొమ్మలాగా పోతుంది. ఇంకా తిప్పుతాడు. కెజియా పాట తెగిపోతుంది.

నేను లేచి నిలబడతాను. ఓబేదు ముఖం విప్పారుతుంది.

కెజియా పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. చెయ్యి పైనే ఉంది. ఎడమ చేత్తో గొంతు మీద తట్టి, తల అడ్డంగా ఊపుతుంది. చప్పుడు ఆగింది, పాట ఆగలేదు. చప్పుడు లేకుండా పాడటం ఇంకా కష్టమని ఆమె కళ్లు చెబుతాయి. గేట్ తీసేయమని సైగ చేస్తాను. పాట తిరిగి వచ్చినందుకు ముగ్గురమూ ఊపిరి పీల్చుకుంటాం.

ఓబేదు లేచి గోడ దగ్గరికి పోతాడు. అరచేత్తో మట్టి మీద తట్టి చూస్తాడు. గదిని అలా తట్టి చూడటం వాడికి అలవాటు.

"ఏ గదికి ఆ గది గొంతుంటది బావా," అంటాడు. "మా వోళ్లు పాటని ముందు రికార్డు చేసి, దాన్ని ఖాళీ గదిలో ఆంప్లిఫయర్లోంచి మళ్లీ వాయిచ్చి, గది ఎట్టా తిరిగి పాడిద్దో అది మైకుతో పడతారు. అమ్మ ఎక్కింది ఈ గదే. ఆమె మాట ఆకు తాగింది. ఆకు చెమర్చి గోడకిచ్చుంటది. అక్క పాట లోపలికి వదులుదాం. మనుషులు లోపల ఉండకూడదు. గది ఒక్కటే ఉండాల."

ఇది నాకు నచ్చుతుంది. పంట పనిలాగా ఉంది.

కెజియా పాటను లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తాం. ఆంప్లిఫయర్‌ను గది నడుమ పెడతాం. మైకును పొగాకు కర్రకు కట్టి నడిమి వాసాల మీద వేలాడదీస్తాను. గోడకు దగ్గరగా జరిపితే మైకులో గోడ ఊపిరి వినబడుతుందని, దూరంగా జరిపితే పక్క ఊళ్లో పెళ్లి వినబడుతుందని ఓబేదు హెడ్‌ఫోన్ పెట్టుకుని కేకేస్తాడు. గోడకు దగ్గరగానే ఉంచుతాను. బయటికొచ్చి తలుపేస్తాం. బయటి చప్పుడు పోకుండా సందులు మూయమంటాడు ఓబేదు. మట్టి తడిపి తలుపు అంచుల చుట్టూ మెత్తుతాను.

తన గేదెను తోలుకుపోతున్న పేరయ్య మామ ఆగుతాడు. పొరుగు చేను ఆయనది.

"ఏందిరా యోనా, ఆకు చేలోనే ఉంటే బ్యారను తలుపు మెత్తావు? లోపల ఏం పెట్టావు, పెళ్లాన్నా?"

"పెళ్లాం ఇక్కడే ఉంది మామా. ఆమె పాట పెట్టాం."

"పాటా? ఏ రంగు పడతదంటావ్?"

"ఇంకా తెలవదు."

"బంగారు రంగు పడితే నాకో కర్ర ఇయ్యి," అని నవ్వుకుంటూ గేదె వీపు మీద చరుస్తాడు.

తలుపు మెత్తాక పొయ్యి అంటించాలి. మా ఊళ్లో ఎవరి చేతినడిగినా అదే చెబుతుంది. నా చెయ్యి కట్టెలు దోపి పుల్ల గీస్తుంది. మంట అందుకున్నాక గుర్తొస్తుంది, లోపల ఆకు లేదని.

"బావా! మైకుంది లోపల! ఆంప్లిఫయరుంది! తలుపు తియ్యి!" ఓబేదు హెడ్‌ఫోన్ మెడకు వేసుకుని పరుగెత్తుకొస్తాడు.

"పొయ్యి అంటించాక తలుపు తియ్యగూడదు. రంగు చెడుద్ది."

"దేని రంగు బావా?"

నేను చేతిలో కట్టె కింద పెడతాను. వెళ్లి అద్దంలోంచి చూస్తాను. చూసి పక్కకు జరిగి వాడికి చోటిస్తాను. వాడూ చూస్తాడు. పోయి లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు.

పాట వాసాల మీద వేలాడుతోంది. పాదానికో కర్ర. పచ్చగా, బరువుగా, తడిగా ఉంది. ఆంప్లిఫయర్‌లోంచి కొత్త పాదం వచ్చినప్పుడల్లా ఒక కర్ర లేచి పై కర్ర పక్కన సర్దుకుంటుంది. వేడి ఎక్కుతున్నకొద్దీ పాదాల అంచులు పసుపు తిరుగుతాయి. ఆకైతే అంచు నుంచి ఈనె వైపు పండుతుంది. పాట కూడా అలాగే, చివరి అక్షరం నుంచి లోపలికి పండుతోంది. శ్రుతి కొద్దికొద్దిగా దిగుతోంది. వేడికి తీగ వదులవడం లాంటిది. నేను కట్టెలు వెనక్కి లాగి మంట తగ్గిస్తాను. మొదట్లోనే వేడి పెంచితే పచ్చ అలాగే ఉండిపోతుంది.

కెజియా పందిట్లో కూర్చోదు. అద్దం దగ్గరే నిలబడి, లోపలి పాటకు జత కలుపుతూ పాడుతుంది. గొంతు బొంగురుపోయింది.

"గోడ చెమర్చింది," అంటుంది సందు చూసుకుని.

అవును. మట్టిగోడల మీద చుక్కలు తేలుతున్నాయి. ఒక్కో చుక్క జారుతూ ఒక్కో చిన్న చప్పుడు విడుస్తుంది. ఓబేదు హెడ్‌ఫోన్ చెవులకు గట్టిగా నొక్కుకుని వినబడింది వినబడినట్టు చెబుతాడు.

"ఎవరో దగ్గుతున్నారు. ఎవరో సున్నం అడుగుతున్నారు. ఎవరో... బావా, నిన్నెవరో తిడుతున్నారు."

"ఏమని?"

"కర్ర వంకరగా కట్టావని."

"అది మా నాయన."

చుక్కలు ఎక్కువవుతాయి. ఏనాటివో నవ్వులు, ఆవులింతలు, ఒక బూతు సామెత, చెవిటి పెద్దమనిషి 'ఆఁ?' అనడం. అన్నీ కింది గోడలవి, నడిమి గోడలవి. పైవరుస దగ్గర గోడ ఇంకా పొడిగానే ఉంది. కెజియా కళ్లు అక్కడే ఉన్నాయి. నేను ఒక కట్టె లోపలికి తోస్తాను. ఎక్కువ తోస్తే పాట మాడిపోతుంది. తక్కువైతే పైదాకా వేడి పోదు. ఇంత జాగ్రత్తగా నేను ఆకును కూడా పండించలేదు.

పైన, కప్పు కింద, ఒక చుక్క తేలుతుంది. చాలాసేపు జారదు. ఉన్నచోటే లావెక్కుతుంది. అద్దంలోంచి చూస్తే దానిలో బ్యారన్ మొత్తం తలకిందులుగా కనిపిస్తోంది.

జారుతుంది.

హెడ్‌ఫోన్ అక్కర్లేదు. గోడ ఇవతలికే వినబడుతుంది.

"అందిందిలే బిడ్డ, చెయ్యి దించమ్మా."

కెజియా పాట నడుమ పాదంలోనే ఆగిపోతుంది. నోరు కొంచెం తెరిచే ఉంది, దాంట్లోంచి ఏమీ రావడం లేదు. చెయ్యి దిగుతుంది. ఎక్కడ వాలాలో తెలియని పిట్టలాగా ముందు నడుం మీదికి పోతుంది, తర్వాత చెంప మీదికి పోతుంది, చివరికి ఎడమ చేతిని వెతుక్కుని పట్టుకుంటుంది.

తర్వాత మాట్లాడుతుంది. దీనమ్మ పోయాక ఆమె నోట ఇంత పొడుగు మాట ఇదే.

"బతికినన్నాళ్లూ మా అమ్మ నన్ను తిట్టకుండా ఒక్క మాట అన్లేదయ్యా. కర్ర సరిగా ఎత్తలేదని, కూర ఉప్పయిందని, ఆఖరికి నా పెళ్లినాడు పీటల మీద గూడా తిట్టింది. పైనెక్కి ఇట్టా మాట్లాడేదా? ఒక్కో కర్రకీ ఇట్టనే అనేదా? మరి దిగింతర్వాత ఏమయ్యేది ఆ గొంతు?"

"ఆకు తాగేసేది," అంటాను.

"అంతేలే."

ఓబేదు హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు.

"అక్కా, గోడ మాట్లాడేటప్పుడు నేను రికార్డు బటన్ నొక్కలేదు."

"మంచి పని చేశావు. పోయి నీళ్లు పట్రా."

వాడు తెచ్చిన చెంబును ఆమె కుడిచేత్తో అందుకుని, ఎత్తిపెట్టి, ఆపకుండా చివరిదాకా తాగుతుంది.

అందిందని పైనుంచి మాట వచ్చాక కింది మనిషి కర్రను పట్టుకోకూడదు. వదిలేయాలి. ఈ పద్ధతి బ్యారన్‌కు కూడా తెలుసు. అది నేల విడుస్తుంది. ముందు ఒక మూల, తర్వాత మిగతా మూడు. లోపల వేడిగాలి నిండి, తలుపు మెత్తి ఉంది కాబట్టి తొణకదు. వైర్లు వాటంతటవే ఊడి నేల మీద పడతాయి. పొయ్యి మాత్రం కిందే ఉండిపోయి, ఇంకేం చెయ్యాలో తెలియనట్టు మండుతూ ఉంటుంది.

"ఆంప్లిఫయరు బ్యాండువాళ్లది బావోయ్!" అని ఓబేదు కింద కింద పరుగెత్తుతాడు.

"పండాక దిగుద్దిలేరా," అంటాను.

బ్యారన్ పొగాకు చేల మీదుగా పోతుంది. నీడ పడ్డచోట పేరయ్య మామ గేదెను ఆపి, తలగుడ్డ తీసి చెమట తుడుచుకుంటున్నాడు. ఎండలోకి వచ్చిన నీడను కాదనే మనిషి కాదాయన.

నేను వెనక్కి తిరిగి చూస్తాను. బ్యారన్ ఉన్నచోట నలుచదరపు నేల మిగిలింది. ఎండ ఎరగని మట్టి, తెల్లగా, మెత్తగా, గుల్లగా ఉంది. కెజియా దాని అంచున గొంతుక్కూర్చుని చూస్తోంది. నేనూ పోయి పక్కన కూర్చుంటాను.

మట్టిలోంచి చెవులు మొలుస్తున్నాయి. మనుషుల చెవులే. నారుమడిలో నారు లేచినట్టు ఒత్తుగా, లేతగా, వేలిగోరంత ఉన్నాయి. కొన్నిటి తమ్మెలకు ఇంకా మట్టి అంటుకుని ఉంది. అన్నీ కెజియా వైపే తిరిగి ఉన్నాయి. ఆమె ఏమీ పాడటం లేదు. ఏమీ మాట్లాడటం లేదు. అవి ఆ నిశ్శబ్దాన్నే వింటున్నాయి.

"ఒత్తుగా పడింది. పల్చన చెయ్యాల," అంటాను మెల్లగా. ముందు వరుస ఉలిక్కిపడి నా వైపు తిరుగుతుంది. నేను నోరు మూసుకుంటాను. చెప్పులు విప్పి దూరంగా పెడతాను.

కెజియా గేదె తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చి కుడిచేత్తో సన్నగా చల్లుతుంది. చుక్కలు పడ్డప్పుడు చెవులు చలికి ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటాయి. ఆమె వాటి మధ్య జాగ్రత్తగా అడుగులు వేస్తూ నడిమికి పోతుంది. కర్ర ఎత్తిచ్చేటప్పుడు ఆమె ఎప్పుడూ నిలబడే ఆ చోట ఒకటి మిగతావాటికన్నా చిన్నగా, ఇంకా సగం మట్టిలోనే ఉంది. దాని ముందు మోకాళ్ల మీద వంగి, అరచెయ్యి అడ్డం పెట్టి, దానికొక మాట చెబుతుంది.

నాకు వినబడదు. మడిలోని చెవులన్నీ ఆ ఒక్కదాని వైపు వంగుతాయి.